ఊదకూడని రోజులు

సైనస్ అంటే జబ్బు పేరనుకునేవాణ్ణి. మా వీధిలో సగం మందికి అది ఉంది. పొద్దున లేస్తూనే తుమ్ములు, తలనొప్పి, "నాకు సైనసప్పా" అని ఒకరికొకరు చెప్పుకోవడం. అది జబ్బు కాదనీ, ప్రతి మనిషి ముఖంలోనూ కంటికింద, బుగ్గ ఎముక లోపల ఉండే గాలి గది పేరనీ, దాని నేల పైదవడ పళ్ళ వేళ్ళను దాదాపు ఆనుకుని ఉంటుందనీ నాకు యాభై ఆరేళ్ళు వచ్చాక తెలిసింది. తెలిసిన దారి మాత్రం కొంచెం చుట్టుదారి.

నేను ప్రొద్దుటూరులో కంసాలిని. ఇంటి ముందు గదే నా పనిచోటు. వీధిలో మిగతావాళ్ళందరూ గ్యాసు మంటకు, కాలితో తొక్కే తిత్తికి ఎప్పుడో మారిపోయారు. నేను మాత్రం దీపం పెట్టుకుని, ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని ఊదే అతుకు వేస్తాను. అతుకు కరిగేదాకా మంట తెగకూడదు. ముక్కుతో గాలి పీలుస్తూనే, బుగ్గల్లో నిలవ ఉన్న గాలిని గొట్టంలోకి వదలాలి. అది మా నాయన నేర్పింది. చెంబులో నీళ్ళు పోసి గొట్టం ముంచి, బుడగలు ఆగకుండా ఊదమనేవాడు. ఆగితే నెత్తిన ఒక మొట్టికాయ. ఆ పని ఇప్పుడు మా వీధిలో నాకొక్కడికే వచ్చు. ఎవరైనా ఆ మాట అంటే విననట్టు తల వంచుకునేవాణ్ణి గానీ, వినపడడం కోసమే కిటికీ పక్కన కూర్చునేవాణ్ణి.

కుడివైపు పైదవడలో నమిలే పళ్ళు రెండు పోయి ఆరేళ్ళయింది. తిండంతా ఎడమ పక్కనే. నా భార్య నాకు మేనమామ కూతురు, లింగాల మండలం పిల్ల. మాట దాచుకోవడం వాళ్ళింట్లో ఎవరికీ రాదు. "ఒంటెద్దు బండి మాదిరి తింటావేంది బావా" అని నవ్వేది. ఆమె తమ్ముడు పులివెందులలో ఉంటాడు. అతను పన్ను కట్టించుకున్నాడు. దవడ ఎముకలో మరమేకు దింపి, అది ఎముకలో కుదురుకున్నాక దానిమీద పన్ను బిగించారట. ఒకసారి వచ్చి మా ముందు కూర్చుని నిప్పట్లు పటపట కొరికి చూపించాడు. నిజం చెప్పాలంటే నాకు కుళ్ళుగా ఉండింది.

ప్రొద్దుటూరులో పళ్ళ డాక్టర్లకు కొదవేం లేదు. కాకపోతే నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు తెలిసినవాడు తలుపు తోసుకుని వస్తాడేమోనని నాకు నామోషీ. అందుకని ముద్దనూరు మీదుగా బస్సెక్కి, బామ్మర్ది చెప్పిన పులివెందుల డాక్టరమ్మ దగ్గరికే పోయాను. చిన్న వయసు, చురుకైన మనిషి. కూర్చోగానే ఒక కాగితం ఇచ్చి వివరాలు రాయమంది. షుగరుందా, బీపీ ఉందా, పొగ తాగుతారా, ఏం పని చేస్తారు. చివరి ప్రశ్న దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. పక్క కుర్చీలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన నా కాగితంలోకే చూస్తున్నాడు. "నగల వ్యాపారం" అని రాశాను.

"షాపుందా అంకుల్?" అంది డాక్టరమ్మ.

"ఉందమ్మా."

"కూర్చోని చేసే పనే గదా, మంచిది" అంది.

ప్రొద్దుటూరు వాడు బయటి ఊరికి పోతే, బంగారమన్న మాట వినగానే ఎదుటివాడి కళ్ళు కొంచెం పెద్దవవుతాయి. ఆ కళ్ళలో నేను కుంపటి ముందు గోచీ పెట్టి కూర్చునేవాడిలా కాకుండా, మెత్త మీద కూర్చుని తూకం వేసేవాడిలా కనపడాలనుకున్నాను. అబద్ధం కూడా కాదు. నా గదిలో ఒక చిన్న అద్దాల పెట్టె ఉంది. అందులో నాలుగు జతల కమ్మలు ఎప్పుడూ ఉంటాయి.

కడపలో స్కాను తీయించుకుని మళ్ళీ పోయాను. ఆమె దాన్ని తెర మీద పెట్టి వేలితో చూపించింది. "ఈ నల్లగా ఉండేదంతా గాలి అంకుల్. దీన్నే సైనస్ అంటాం. పళ్ళు పోయినాక దీని నేల కిందికి దిగుతుంది. మీకు ఎముక శానా తక్కువుండాది, మేకు పట్టేదానికి చాలదు. పైనుండే పొరను మెల్లగా ఎత్తి, కింద ఎముక పొడి నింపాల." ఆ పొర గుడ్డు పెంకు లోపలుండే పొరంత పల్చగా ఉంటుందట. అది నాకు బాగా అర్థమైంది. పల్చటి రేకుతో పని చేసేవాడికి, ఎక్కడ ఎంత నొక్కాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కుడివైపు ఆ పొర కొంచెం వాచి ఉందని కూడా చెప్పింది. జలుబు ఎక్కువా అనడిగింది, దుమ్ములో తిరుగుతారా అనడిగింది. ముప్పై అయిదేళ్ళుగా బొగ్గుల పొగ, యాసిడ్ ఆవిరి పీలుస్తున్నానని చెప్పాల్సిన చోటు అదే. "అప్పుడప్పుడు జలుబు చేస్తాదమ్మా" అన్నాను. ముందు సైనస్ బాగుంటేనే పన్ను నిలుస్తుందంది. కడపలో ముక్కు డాక్టరు ఒకాయన దగ్గరికి పంపి, నెలన్నర మందు వాడించి, వాపు తగ్గిందని చూసుకున్నాకే పని మొదలుపెట్టింది. తొందర ఆమెలో లేదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత మా వాళ్ళు కొందరు ఆమెనే తిట్టారు.

మత్తు సూది వేశాక నొప్పి తెలియలేదు. చప్పుడు తెలిసింది. చిన్న సుత్తితో కొడుతుంటే పుర్రెలో మోగింది. జీవితమంతా సుత్తి పట్టినవాణ్ణి కదా, నోరు తెరుచుకుని పడుకునే ఆమె దెబ్బల్ని లెక్కగట్టాను. మణికట్టు నుంచే కొడుతోంది, భుజం కదలడం లేదు. చేయి తిరిగిన మనిషే అనుకున్నాను. పొర ఎత్తింది, పొడి నింపింది, మేకు దింపింది, చిగురు కుట్టింది. కుట్లు వేశాక ఒక జాబితా చదివి వినిపించింది. ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే ఆపకుండా నోరు తెరిచి తుమ్మాలి. గొట్టం వేసుకుని కూల్‌డ్రింకు పీల్చకూడదు. బరువులు ఎత్తకూడదు. బుడగలు ఊదకూడదు. నోట్లో గాలి ఒత్తిడి పెరిగితే పైనుండే పొర చినుగుతుందని కూడా చెప్పింది.

బుడగలనేసరికి నవ్వొచ్చింది. ఈ వయసులో నాకు బుడగలేంది తల్లీ అన్నాను. ఆమె కూడా నవ్వింది. ఇద్దరం అక్కడితో ఆ విషయం వదిలేశాం.

జమ్మలమడుగులో ఒక గుడ్డల కొట్టు వాళ్ళున్నారు. మా తాత కాలం నుంచి వాళ్ళింట్లో ఏ పెళ్ళి జరిగినా తాళిబొట్టు మా ఇంట్లోనే చేయించుకుంటారు. మంచి రోజు చూసి, పసుపు కుంకుమలతో పళ్ళెంలో బంగారం తెచ్చిస్తారు. ఆ ఇంటి పెద్దావిడకు ఎనభై దాటాయి. ప్రతిసారీ ఒకే మాట చెబుతుంది. "ఆచారీ, నోటితో ఊది చెయ్యాల. మిషను తగలగూడదు." ఆమె అత్త మా తాతకు అదే చెప్పిందట. మా నాయనకు ఈమె చెప్పింది. బొట్టు వెనక దారం దూర్చే సన్న గొట్టాన్ని అతికించడం ఒక చిన్న పని, కానీ ఆ మంట మనిషి ఊపిరితో వచ్చినదై ఉండాలని వాళ్ళ పట్టింపని మేమనుకున్నాం. మా ఇంట్లో ఆ మాటను మంత్రంలా చూసుకున్నాం.

పంటి పని జరిగిన పదో రోజున ఆ బొట్టు అతకాల్సి వచ్చింది. మనవరాలి పెళ్ళి. ముహూర్తం పెట్టి నాకిచ్చిన రోజు దాటిపోతోంది. ఫోన్ చేసి "అవ్వా, నోట్లో కుట్లున్నాయి, గ్యాసుతో చెయ్యనా" అని ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. నోటితో ఊదే ఒక్కగానొక్కణ్ణి నేనే అని ఇరవై ఏళ్ళు కిటికీ పక్కన కూర్చుని విన్నవాడు ఆ ఫోన్ ఎలా చేస్తాడు. పైగా నాకు నేనే ఒక వాదం కట్టుకున్నాను. డాక్టరమ్మ చెప్పిన ఊదడం రొమ్ము నుంచి వచ్చేది, మా ఊదడం బుగ్గలది, మంట వేలెడంతే, ఇది ఊదడం కిందికి రాదు.

స్నానం చేసి, దీపం వెలిగించి, అతుకు పారడానికి వెలిగారం పూసి, ఊదుగొట్టం నోట్లో పెట్టుకున్నాను. మంట వంగింది. బొట్టు వెనక సన్న గొట్టం ఎర్రబడుతుండగా కంటికింద చిట్‌మని ఒక చిన్న శబ్దం. నొప్పి లేదు. కానీ బుగ్గలో ఉన్న గాలి గొట్టంలోకి పోకుండా వెచ్చగా కుడి ముక్కులోంచి బయటికి వచ్చింది. మంట కుంగిపోయింది. నాలుక మీద ఉప్పగా తగిలింది.

అక్కడ ఆపినా సరిపోయేదని తర్వాత తెలిసింది. నేను ఒక దూది ఉండ చేసి ముక్కులో కుక్కుకుని, ఇంకా గట్టిగా ఊదాను. అతుకు కరిగి పారింది. అంత శుభ్రమైన అతుకు ఆ మధ్యకాలంలో నేను వేయలేదు.

మరుసటి రోజు బొట్టు తీసుకుని జమ్మలమడుగు పోయాను. అవ్వ దాన్ని కళ్ళకద్దుకుని, నా ముఖం చూసి "చెంప ఏంది అట్ల ఉబ్బింది ఆచారీ?" అంది. పన్ను నొప్పి అని చెప్పి, కాఫీ కూడా తాగకుండా వచ్చేశాను. తాగలేకపోయాననడం సరైన మాట. ఏది తాగినా కాస్త ముక్కులోకి వస్తోంది. ఇంట్లో తల ఎడమకు వంచి మింగుతూ నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. వంగితే బుగ్గలో బరువు. నా పనంతా వంగి చేసేదే. నోట్లో చెడిన వాసన.

అయిదో రోజు అన్నం తింటుంటే ముక్కులోంచి చారు కారింది. నా భార్య పకపకా నవ్వింది. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. పళ్ళెం తీసి పక్కన పెట్టి, చీర మార్చుకుని వచ్చి, "లెయ్, బస్సుండాది" అంది.

పులివెందులలో డాక్టరమ్మ నా ముక్కు రెండు వేళ్ళతో మూసి, మెల్లగా గాలి ముక్కులోకి వదలమంది. కుట్ల దగ్గర బుసబుస బుడగలు వచ్చాయి. "ఏం చేసినారు అంకుల్?" అంది.

"తుమ్మొచ్చిందమ్మా" అన్నాను.

"తుమ్మూ లేదు గిమ్మూ లేదు" అంది నా భార్య. "బొట్టు చేసినాడు. గొట్టంతో ఊదినాడు."

"షాపు అన్నారు గదా?"

"షాపు యాడిదమ్మా? కంసాలోడు ఈయప్ప."

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. "నేను ఇంకొక ప్రశ్న అడిగుండాల్సింది" అంది. ఆ మాట నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. ఆమె అడగాల్సినవన్నీ అడిగింది. జవాబు చెప్పనివాణ్ణి నేను.

స్కానులో మేకు దవడలో లేదు. పైకిపోయి సైనస్‌లో అడ్డంగా పడి ఉంది. గదంతా చీము. కడపలో ముక్కు డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి మేకు బయటికి తీశాడు, గది శుభ్రం చేశాడు. నోట్లో రంధ్రాన్ని బుగ్గ కండతో కప్పి కుట్టారు. పులివెందుల డాక్టరమ్మ ఆ రోజు తన పని మానుకుని వచ్చి పక్కన నిలబడింది. మెలకువ వచ్చాక ముక్కు డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. ఎక్కువమందికి ఒక్కసారికే మూసుకుంటుంది. కొందరికి మూసుకోదు, మళ్ళీ చేయాల్సి వస్తుంది. మూడు నెలలకు చూసి, మూసుకుందని తేలేదాకా గొట్టం ముట్టుకోకూడదు. మూసుకోకపోతే ఇక ఊదే పని మరచిపోవాలి.

మూసుకోకపోతే గ్యాసు పెట్టుకోవచ్చు. వీధి వీధంతా అలాగే బతుకుతోంది. తిండికి లోటుండదు. అయినా ఆ మూడు నెలలు నేను పడ్డ భయం తిండి భయం కాదు. నా చేతిలో ఉన్నదంతా ఇతరుల చేతిలోనూ ఉంది. సుత్తి, పట్టకారు, ఆకురాయి అందరివీ ఒకటే. నాది అని చెప్పుకోదగ్గది బుగ్గల్లో ఉన్న ఆ కాస్త గాలి. అది పోతే నేను ఫలానా అని ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలియలేదు. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు. నిప్పు అక్కర్లేని పనులు చేస్తూ కూర్చున్నాను. ఆకురాయితో రాకడం, మెరుగు పెట్టడం, పాత గొలుసులకు కొక్కేలు బిగించడం. కిటికీ మూసేశాను. వీధిలో దుమ్మని చెప్పాను.

మూడు నెలలకు డాక్టరమ్మ మళ్ళీ ముక్కు మూసి చూసింది. బుడగ రాలేదు. స్కానులో ఆ గది మళ్ళీ నల్లగా, ఖాళీగా, ఉండాల్సినట్టు ఉంది. "ఊదచ్చు అంకుల్" అంది. "మెల్లగా మొదలుపెట్టండి, దినానికి కొంచెం. పన్ను సంగతి ఇంకో ఆర్నెల్ల తర్వాత మాట్లాడుకుందాం." ఆ రోజు నేనొక్కణ్ణే పోయాను. ఇంటికొచ్చి, "ఇంకా కొన్నాళ్ళు ఆగమంది" అని చెప్పాను.

ఇది జరిగిన మూడో వారంలో జమ్మలమడుగు అవ్వ కబురు పెట్టింది. మనవరాలి పెళ్ళి బాగా జరిగింది, పాత గాజులు కరిగించి కమ్మలు చేయించాలట. పోయాను. కొట్టు వెనక వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. ఈసారి కాఫీ తాగాను. ఇంతకాలం ఏమైపోయావని అడిగింది. చెప్పాను. సైనస్ దగ్గర్నుంచి చారు దాకా అంతా చెప్పాను. చెబుతున్నకొద్దీ గొంతులో కొంచెం గొప్ప చేరిందని నాకే వినపడుతోంది. దూది కుక్కుకుని ఊదిన చోట ఆగి, "మీ మాట పోగూడదని అవ్వా" అన్నాను.

ఆమె మంచం మీద ముందుకు జరిగింది.

"ఏం మాట?"

"నోటితోనే ఊది చెయ్యాల, మిషను తగలగూడదు అని."

"ఓరి నీ పాసుగూల" అంది. "మా అత్త ఎందుకనేదో తెలుసునా? మీ తాతకాడ పనోళ్ళు శానామంది ఉన్న్యారు. బొట్టు వాళ్ళకియ్యకుండా ఆయప్పే చెయ్యాలని అట్లనేది. నోటితో అంటే నువ్వే చెయ్యమని, మిషను వద్దంటే బజారులో అచ్చుకొట్టిన బొట్టు వద్దని. అంతే. గ్యాసుతో చేసింటే మేమేమన్నా అడిగింటిమా? దవడ పగలగొట్టుకుంటావా దానికి?"

 ఆమె ఇంకా ఆపలేదు.

"కుట్లుండాయని ఆ పొద్దు చెప్పింటే నేనే వద్దనేదాన్ని. ఆ డాక్టరమ్మకూ చెప్పలేదంటివి, పెండ్లానికీ చెప్పలేదంటివి. నోరుండేది ఊదనీకేనా ఆచారీ? చెప్పనీక గాదా?"

కోపం రాలేదని చెప్పను. మూడు తరాలు మంత్రంగా చూసుకున్న మాట, వాళ్ళింట్లో పనిపురమాయింపు మాత్రమే. గాజులు సంచిలో వేసుకుని బస్టాండుకు నడిచాను. ఆమె మీద కోపం ప్రొద్దుటూరు దాకా నిలవలేదు. దారిలోనే అది నా మీదికి తిరిగింది, తర్వాత అదీ పోయి వట్టి సిగ్గు మిగిలింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. నా భార్య ముందు గదిలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. చెప్పులు విడిచి కుంపటి ముందు నా పీట మీద కూర్చున్నాను.

"డాక్టరమ్మ ఊదచ్చు అనింది" అన్నాను. "చెప్పి మూడు వారాలైంది. నేనే ఊదలేదు. భయమైతాంది."

ఆమె తలెత్తలేదు. "తెలుసు. ఆ పొద్దే డాక్టరమ్మకు ఫోన్ చేసి కనుక్కున్యా."

"మరి అడగలేదేంది?"

"నువ్వు చెప్తావేమోనని చూస్తాండా."

చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, నా పక్కకు జరిగింది. నేను దీపం వెలిగించాను. ఒక రాగి తునక తీసి మట్టి పెంకు మీద పెట్టాను. గొట్టం నోటి దగ్గరికి తెచ్చాను. ఆమె చూపుడువేలు వెనక్కి తిప్పి నా కుడి ముక్కు కింద పెట్టింది. కొంచెంగా ఊదాను. మంట వంగింది, ఊగింది, మళ్ళీ నిటారుగా లేచింది. ఆమె వేలు కదల్చలేదు.

"గాలి రాలేదు" అంది. "ఊదు."